ఖాళీగా వెళ్ళని డబ్బా

“డబ్బా వాపస్ మత్ కర్‌నా, బెహన్.”

“నహీ కరూంగీ. తూ భీ మత్ కర్‌నా.”

మా ఎదురింటి కమలేష్‌కీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. డబ్బా తిరిగి పంపొద్దని ఆమె అంది. పంపను, నువ్వూ పంపకు అని నేనన్నాను. సామాన్ల లారీ ముందే వెళ్ళిపోయింది. ఆమె కూర్చున్న కారు అద్దం పైకి లేచింది. గేటు దగ్గర వాచ్‌మన్ మా వైపు అదోలా చూశాడు. ఇద్దరు పెద్దాళ్ళు ఒక స్టీలు డబ్బా కోసం జన్మవైరం పెట్టుకున్నారనుకుని ఉంటాడు పాపం. కమలేష్ రోహ్‌తక్ వెళ్ళిన రెండో ఏడు గుండెపోటుతో పోయిందని వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. అంచేత ఆ మాటలే ఆఖరివయ్యాయి. అంత మంచి మనిషితో ఇంత పొడిమాటలా అని మీకనిపించవచ్చు. వాటి వెనకాల ఎంత ప్రళయం నడిచిందో చెబుతాను. ఆ తర్వాత, ఇద్దరాడవాళ్ళు ఇంతకంటే ప్రేమగా మాట్లాడుకోవడం ఎక్కడా వినలేదని మీరే అంటారు.

నేను చెబుతున్నాను, మా మేనకోడలు సుజాత రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. అది చూసి కూడా బ్యాంకాయన ఒకసారి, ఇది సంతకమా, కాగితం మీద చీమ నడిచిందా అని అడిగాడు. ఒక లడ్డూ వల్ల నేను రెండు చేతులూ పోగొట్టుకోబోయిన కథ ఇది. లడ్డూకీ చేతులకీ మధ్యలో పేగులు వస్తాయి, కాస్త ఓపిక పట్టండి. అన్నం తింటూ చదివేవాళ్ళెవరైనా ఉంటే ముందు చెయ్యి కడుక్కుని రండి. తర్వాత నన్ను తిట్టొద్దు.

మా ఆయన పోయిన ఏడాది తిరక్కుండానే నాకు కీళ్ళవాతం పట్టుకుంది. మోకాళ్ళ నొప్పులు కాదు, అవి ఎవరికైనా వస్తాయి. ఇది రుమటాయిడ్ అనే రకం. వేళ్ళ కణుపుల్లో కాపురం పెడుతుంది. పొద్దున లేచేసరికి నా వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయి ఉండేవి. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి పక్కింటి కోడలిని పిలవాలి. ఆ పిల్ల రావడం ఆలస్యమైతే పది గంటల దాకా దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. గుడివాడలో చూపించని వైద్యం లేదు.

సుజాత మా తమ్ముడి కూతురు. గుర్‌గావ్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఢిల్లీ ద్వారకలో ఒక సొసైటీలో మూడో అంతస్తున ఫ్లాట్ అద్దెకి తీసుకుని ఒక్కతే ఉండేది. ద్వారకకి మెట్రో కొత్తగా వచ్చిన రోజులు. తనకి వండిపెట్టే మనిషి కావాలి, నాకు మంచి డాక్టరు కావాలి, అంచేత నన్ను తెచ్చేసుకుంది. పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఆదివారం మాత్రలు రాసింది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని మూడుసార్లు చెప్పింది. సుజాత క్యాలెండర్‌లో ఆదివారాలన్నిటికీ ఎర్ర స్కెచ్ పెన్నుతో బొట్లు పెట్టింది. చూస్తే క్యాలెండర్‌కి అమ్మవారు పోసినట్టుండేది.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున స్టవ్ తుడిచి గుడ్డ పిండితే నీళ్ళు కారాయి.

మీకది గొప్ప వార్తలా అనిపించకపోవచ్చు. ఏడాదిన్నరపాటు గుడ్డ పిండలేని ఆడదాన్ని అడగండి. ఆ రోజు ఇంట్లో ఉన్న బట్టలన్నీ తడిపి పిండాను. ఉతికినవి కూడా మళ్ళీ తడిపాను. సుజాత ఆఫీసునుంచి వచ్చి, బాల్కనీలో తన జీన్సు ప్యాంట్లు ఆరూ కారుతుండడం చూసి, నా పిడికిలి తన రెండు చేతుల్లో పట్టుకుంది. తెల్లారి ఏం వేసుకుని ఆఫీసుకి వెళ్ళిందో గుర్తు లేదు.

అంటే ఏమిటన్నమాట? ఆ ఆదివారం మాత్రే నా చేతులు. అది ఉంటే నేనున్నాను, లేకపోతే దుప్పట్లో కూర్చున్న బొమ్మనే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. నేను మాత్రం గుర్తు పెట్టుకోలేదు.

మాత్ర మంచిదే కానీ సోమవారం నాడు కడుపులో తిప్పుతుంది, నోరు అరుచిగా ఉంటుంది. డాక్టరమ్మ తేలిగ్గా తినమంది, నూనె, కారం తగ్గించమంది. నాటుమందులు ముట్టుకోవద్దు, ఏ మందు వాడినా నాకు చెప్పండి అంది. చాలా చిన్న లిస్టు. మన చుట్టాలకి అంత చిన్న లిస్టు ఆనుతుందా? ఫోన్లు మొదలయ్యాయి. వంకాయ వాతం, మానెయ్యమని మా ఆడపడుచు. దుంపలు వాతం, చింతపండు వాతమని మా తోడికోడలు. పప్పు తింటే కణుపుల్లోకి దిగుతుందని ఒకరు, పెరుగు తింటే అక్కడే గడ్డకడుతుందని ఇంకొకరు. అందరి మాటా విని అన్నీ మానేస్తే చివరికి తినడానికి ఢిల్లీ గాలి మిగిలింది. అది తిన్నవాళ్ళెలా ఉన్నారో రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం.

అట్లా పెసరకట్టూ మెత్తన్నంతో రోజులు గడుపుతుంటే ఎదురు ఫ్లాట్ కమలేష్ తగిలింది. హర్యానా మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఒకరోజు పొద్దున పాలపాకెట్టు తీసుకుంటుంటే నా వేళ్ళు చూసింది. పాలపాకెట్టు లాక్కుని తన చంకలో పెట్టుకుని, రోడ్డు మీద దొరికిన పిట్టని చూసినట్టు నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. మర్నాడు ఒక స్టీలు డబ్బాతో వచ్చింది. అందులో ఏడు లడ్డూలు. వాళ్ళత్తగారు ఈ లడ్డూలు తినే ఎనభై ఏళ్ళ వయసులో మీదికొచ్చిన గేదెని కొమ్ములు పట్టుకుని వెనక్కి తిప్పిందట. నాకు ఢిల్లీలో గేదెలతో పని లేదు, జాకెట్టు హుక్కులు పడితే చాలు. అయినా ఆశ పుట్టింది. ఇందులో ఏముందని అడిగాను. మెంతులు, శొంఠి, నెయ్యి, బెల్లం అంది. ఇంకా ఏదో ఉంది కానీ అది వాళ్ళత్తగారి రహస్యమట. చేతిలో ఒకటి పెట్టి, తినేదాకా గుమ్మంలోనే నిలబడింది.

చేదుగా, ఘాటుగా, గట్టిగా ఉంది. లడ్డూ అని పేరు పెట్టిన వాళ్ళకి దండం. కానీ గుమ్మంలో నిలబడ్డ మనిషి కళ్ళల్లోకి చూస్తూ వద్దనడం నా వల్ల కాలేదు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నా విషయంలో మొహమాటానికి పోతే ఉన్న కడుపే పోయింది.

ఇక్కడే నేను అసలు తప్పు చేశాను. మనలో ఒక ఆచారం ఉందిగా, ఎవరైనా ఏదైనా పెట్టి పంపిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. ఆ రోజు నేను పంచదారే వేసి ఉంటే కథ లేదు. కానీ ఢిల్లీ వాళ్ళకి మన చెయ్యి చూపించొద్దూ? సుజాత స్నేహితురాలు ఊర్నుంచి తెచ్చిన గోంగూర ఉంటే, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి దట్టించి పచ్చడి చేశాను. మిక్సీ ఉన్నా రోట్లోనే నూరాను, కొత్తగా వచ్చిన చేతులు కదా. డబ్బా నిండా పెట్టి ఇచ్చాను. కమలేష్ వేలితో తీసి నాకింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. “బహుత్ బఢియా” అంది, అంటే చాలా బాగుందని. నా వంట తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషిని అప్పటిదాకా మా ఆయన్నొక్కణ్ణే చూశాను. అవి ఆనందబాష్పాలు కావని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నాడు. కమలేష్‌వి మాత్రం ఆనందబాష్పాలే అనుకున్నాను.

నాకు తెలియని సంగతి ఏమిటంటే, హర్యానాలోనూ అదే ఆచారం. వాళ్ళూ డబ్బా ఖాళీగా తిరిగివ్వరు. అదే ఆచారం ఉన్న రెండు కొంపలు దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు కానీ ఎదురెదురు గుమ్మాల్లో ఉండకూడదు. పచ్చడి డబ్బా లడ్డూలతో తిరిగొచ్చింది. లడ్డూల డబ్బా ఊరమిరపకాయలతో వెళ్ళింది. అది పదకొండు లడ్డూలతో వచ్చింది. నేను మాగాయ పెట్టాను. పదిహేను లడ్డూలొచ్చాయి. రోజుకొకటి తింటే మిగిలిపోతున్నాయని రెండు తిన్నాను, తర్వాత మూడు. పారెయ్యొచ్చుగా అంటారు. నెయ్యి, బెల్లం వేసి ఒక పెద్దావిడ చేతులారా చుట్టి ఇచ్చినదాన్ని చెత్తబుట్టలో వేస్తే మళ్ళీ జన్మలో ఏమవుతాం? అయినా పారేద్దామని ఒకరోజు కవర్లో చుట్టి కిందికి దిగాను. చెత్తకుండీ దగ్గర కమలేష్ నిలబడి ఉంది. ఆ కవరుతోనే పార్కు చుట్టూ వాకింగ్ చేసి పైకొచ్చాను.

మొదటి వారం సుఖవిరేచనం అయిందని సంతోషించాను. రెండో వారానికి సుఖం పోయింది, మిగతాది మిగిలింది. పొద్దున ఆరుకి మొదలైతే తొమ్మిదింటికి గానీ నాకు ఇంట్లో మిగతా గదులు చూసే భాగ్యం కలిగేది కాదు. ఆ ఫ్లాటుకి ఒకటే బాత్రూము. సుజాత ఆఫీసు క్యాబ్ ఏడున్నరకి. తను తువ్వాలు భుజాన వేసుకుని తలుపవతల, నేను తలుపివతల. తను అడుగుతుంది, నేను ఏదో చెబుతాను.

“అత్తా, అసలు ఏం తింటున్నావు?”

“ఏం తింటానే, అదే పెసరకట్టు.”

“పెసరకట్టుకి ఇలా అవుతుందా?”

“మీ ఢిల్లీ పెసలు ఏం పెసలో.”

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, నాకు కణుపులకి మందేస్తే పేగులు ఊడేలా ఉన్నాయి. అప్పటికీ లడ్డూ మీద నాకు అనుమానం రాలేదని చెప్పను, వచ్చింది. కానీ అనుమానం వచ్చాక కూడా తినడం మానలేదంటే నేనెలాంటి మనిషినో మీకు అర్థమై ఉండాలి.

లడ్డూలు సుజాతకి కనపడకుండా ఎక్కడ దాచాలా అని ఇల్లంతా వెతికితే దేవుడి అలమర కనిపించింది. దేవుడి దగ్గరున్నదాన్ని ఎవరూ ఇదేమిటని అడగరు. పటాల వెనకాల పెట్టాను. ఒక సోమవారం పొద్దున, పాపం ఆ పిల్ల, ఆఫీసులో ఏదో పెద్ద మీటింగ్ ఉందని దణ్ణం పెట్టుకుంది. ప్రసాదం కనిపించింది. ఆకలి మీద రెండు తీసుకుని కళ్ళకద్దుకుని తినేసింది. నేను అప్పుడు నా మామూలు చోట ఉన్నాను, ఆపలేకపోయాను. గుర్‌గావ్ రోడ్డు మీద టోల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి ఉందట. నలుగురు మగవాళ్ళున్న క్యాబ్‌లో ఈ పిల్ల మధ్యలో కూర్చుందట. పెట్రోలు బంకు కనిపించేదాకా ఎలా గడిచిందో తను నాకు చెప్పలేదు, ఇప్పుడు రాయమన్నా రాయనంటోంది. ఆ రోజుకి, ముందురోజు బజార్లో తిన్న ఛోలే, అదే శనగల కూర, మీదకి నెట్టేసింది. నేనూ ఛోలేని నాలుగు తిట్లు తిట్టాను.

తర్వాత కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. బరువు చూస్తే ఐదు కిలోలు తగ్గాను. నోట్లో పుళ్ళు, కళ్ళు లోపలికి పోయాయి. ఆమె నా రిపోర్టు ఒకసారి, నన్ను ఒకసారి చూసి, సుజాతతో ఇంగ్లీషులో మాట్లాడి, నాతో హిందీలో అడిగింది. చూర్ణాలు, కషాయాలు, ఎవరైనా ఇచ్చిన నాటుమందులు ఏమైనా వాడుతున్నారా అని.

“నహీ,” అన్నాను.

అబద్ధం ఆడాననుకోకండి. లడ్డూ మందా? మందైతే సీసాలో ఉండాలి, పొట్లంలో ఉండాలి, చెంచాతో కొలవాలి. డబ్బాలో పెట్టి ఇచ్చేది తినుబండారం. ఆమె తినుబండారం సంగతి అడగలేదు. ఇది నా తెలివి.

అప్పుడు అసలు మాట అంది. ఈ రెండు ఆదివారాలు మాత్ర వేసుకోవద్దంది. పొట్ట డాక్టరుకి చూపించమంది. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ మందు మీకు పడట్లేదనుకుని ఆపేస్తాం అంది. ఆపేస్తే ఇంకోటి ఉందా అని సుజాత అడిగింది. ఉన్నాయి, కానీ దీనికింత బాగా తిరిగిన చేతులు వాటికి ఎంతవరకు తిరుగుతాయో చెప్పలేనంది.

ఇంటికొచ్చాక నేను ఒక నిర్ణయానికొచ్చాను. కమలేష్‌కి ఉన్నమాట చెప్పెయ్యాలి. చీర సర్దుకుని వెళ్ళి బెల్లు కొట్టాను. తలుపు తీసింది, నన్ను చూసింది, రెండు బుగ్గలూ పట్టుకుంది. ఇంత చిక్కిపోయావేమిటి బెహన్ అని, లోపలికి వెళ్ళి రెట్టింపు సైజు డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. నేను “ధన్యవాద్” అని తిరిగొచ్చాను. మనిషిని చంపడానికి కత్తులు, కటార్లు దేనికి, ఇలాంటి ప్రేమ రెండు నెలలుంటే చాలు.

వద్దని నోటితో చెప్పలేకపోతే పచ్చడితో చెబుదామనుకున్నాను. కారం పెంచితే ఆమే తట్టుకోలేక డబ్బా ఆపేస్తుంది. పండుమిరపకాయలు కొనుక్కొచ్చి, చింతపండు తగ్గించి, పచ్చడి నూరాను. నూరుతుంటే పై అంతస్తు వాళ్ళు తుమ్మారు. ఆ డబ్బా వెళ్ళింది. రెండు రోజుల తర్వాత లడ్డూలు వచ్చాయి. ఈసారి ముప్ఫై, సైజు కూడా పెరిగింది. నేను ఇంకా కారం పెంచాను. ఆమె ఇంకా సైజు పెంచింది. ఆఖరికి వచ్చిన లడ్డూలు చూస్తే వాటితో పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చు.

రోజుకి ఆరు తింటున్నాను. అడక్కండి ఎందుకని.

రెండో ఆదివారం మాత్ర లేకుండా గడిచింది. మంగళవారం పొద్దున గుడ్డ పిండబోతే పిడికిలి సగం దాకా వచ్చి ఆగిపోయింది. సింకు దగ్గర అలా నిలబడిపోయాను. గుడ్డలోని నీళ్ళు గుడ్డలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రమే సుజాత సెలవు పెట్టి నన్ను మార్కెట్ పక్కనున్న పొట్ట డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్న క్లినిక్కు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, డాక్టరు గదికి తలుపు బదులు పచ్చ తెర. మూలన కుర్చీలో ఒకావిడ చున్నీ ముక్కు దాకా లాక్కుని కూర్చుంది. పాదాలకి తెలిసిన చెప్పులు. నేను చూశానని ఆమె చూసింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. మా ఆయన రిపోర్టు చూపించడానికొచ్చానంది కమలేష్. మా సుజాతకి ఒంట్లో బాగోలేదన్నాను నేను. సుజాత నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది.

కమలేష్‌ని ముందు పిలిచారు. తెర గుడ్డదే కనక మాటలన్నీ హాల్లోకే వస్తున్నాయి. అప్పటికి నాకు హిందీ బాగానే అర్థమయ్యేది.

“డాక్టర్ సాబ్, గుండెలో తందూరు మండుతోంది. రెండు నెలలుగా ఇదే బాధ.”

“ఏం తింటున్నారు?”

“మా ఎదురింటి మద్రాసీ బెహన్ ఏదో పంపిస్తుంది. ఎర్రగా ఉంటుంది. ఏమిటో నాకూ తెలీదు.”

“తినడం మానెయ్యండి మరి.”

“ఎట్లా మానను? మొగుడు పోయిన మనిషి. ఆ వంకర వేళ్ళతో నూరి పంపిస్తుంది. పారేస్తే నాకు పాపం తగలదూ?”

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలీదు. సుజాత నా కొంగు పట్టుకుని లాగుతున్నా ఆగకుండా తెర తోసుకుని లోపలికి వెళ్ళాను.

“ముందు నేను మద్రాసీని కాదు, గుడివాడ,” అన్నాను. “రెండోది, తినలేకపోతే నాకు చెప్పొచ్చుగా?”

కమలేష్ కుర్చీలోంచి లేచింది. “నువ్వు చెప్పావా? నా లడ్డూలు తిని ఎట్లా అయ్యావో అద్దంలో చూసుకున్నావా?”

“లడ్డూలు మానిపిద్దామనే కదా కారం పెంచాను.”

“నీ కారం మానిపిద్దామనే కదా నేను లడ్డూలు పెంచాను.”

హాల్లో దగ్గేవాళ్ళు కూడా దగ్గడం మానేశారు. డాక్టరు పెన్ను కింద పెట్టి, ఏం లడ్డూలు, ఎన్ని, ఎన్నాళ్ళనుంచి అని మెల్లిగా అడిగాడు. అత్తగారి రహస్యం అంది కమలేష్. నేనిక్కడ ఆడవాళ్ళ రహస్యాలు చాలా వింటాను, చెప్పండి అన్నాడు. అప్పుడు బయటపడింది. ఆముదంలో వేయించి పొడి కొట్టిన కరక్కాయ, లడ్డూకి చెంచాడు.

కరక్కాయ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మూడు రోజులు దొడ్డికెళ్ళని పిల్లాడికి మన పెద్దవాళ్ళు సానమీద రెండు చుట్లు అరగదీసి నాకించేవాళ్ళు. నేను ఆముదంతో సహా, రోజుకి ఒక చెంచాతో మొదలుపెట్టి ఆరు చెంచాల దాకా, రెండు నెలలు తిన్నాను. ఇంకా భూమ్మీద ఉన్నానంటే మా నాన్న పొలం గట్టు మీద పెంచిన ఒళ్ళు.

వెనకనుంచి సుజాత గొంతు వినిపించింది. కేకలేమీ వెయ్యలేదు. చాలా నెమ్మదిగా అడిగింది.

“అత్తా. ఆ సోమవారం నేను తిన్న ప్రసాదం.”

నేను డాక్టరు వైపు తిరిగి, నాడి చూడండి బాబూ అని చెయ్యి చాపాను.

ఆయన నాడి చూడలేదు, పిడికిలి చూశాడు. ముడవమన్నాడు. సగం దాకా వచ్చింది. ఈ లడ్డూల సంగతి కీళ్ళ డాక్టరమ్మకి చెప్పారా అన్నాడు. ఆమె మందులని అడిగింది, లడ్డూలని అడగలేదన్నాను. ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నాకు ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. “అమ్మా, ఇంకో వారం మీరు ఇలాగే నోరు మూసుకుని ఉంటే, ఏ తప్పూ చెయ్యని మందుని ఆవిడ ఆపేసేది. ఆ తర్వాత ఈ చెయ్యి ఇలాగే ఉండిపోయేది. మొహమాటం మీది, శిక్ష మాత్రకా?”

కమలేష్ అది విని కుర్చీలో కూలబడింది. నేను పెట్టిన తిండి వల్ల నీ చేతులు పోయేవా అని అడిగి, నా పిడికిలి తన గుండెకి ఆనించుకుని ఏడ్చింది. అక్కడ తందూరు మండుతోందని తనే చెప్పింది కాబట్టి కాస్త వెచ్చగానే ఉంది.

డాక్టరు ఇద్దరికీ ఒకే చీటీ రాశాడు. మెత్తటి కిచిడీ, మజ్జిగ, అరటిపండు. ఎదురింటినుంచి వచ్చేది ఏదీ తినరాదని రాసి కింద గీత గీశాడు. కీళ్ళ డాక్టరమ్మకి విడిగా ఉత్తరం రాశాడు. అంతటితో పంపిస్తే సరిపోయేది. కానీ పెద్ద చదువులు చదివినవాళ్ళకి ఒక రోగముంటుంది, అన్నీ తెలుసుకోవాలంటారు. రేపు ఆ లడ్డూ ఒకటి, ఆ పచ్చడి ఒక చెంచా తెచ్చి చూపించండి, ఏమిటో చూసి రాసుకుంటానన్నాడు.

రెండు వారాలు కిచిడీ తిన్నాం. డబ్బా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పేగులు ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. మళ్ళీ రక్తపరీక్ష చేసి, డాక్టరమ్మ ఆయన ఉత్తరమూ ఆ రిపోర్టూ పక్కపక్కన పెట్టి చదివింది. నన్ను తిట్టలేదు. సుజాత వెంట తెచ్చిన క్యాలెండర్ అడిగి తీసుకుని, వచ్చే ఆదివారం మీద తనే ఎర్ర పెన్నుతో బొట్టు పెట్టింది. ఇంకో నెలన్నరకి నా పిడికిలి మళ్ళీ పూర్తిగా ముడుచుకుంది. మొదట పిండింది సుజాత జీన్సు ప్యాంటు. ఈసారి ఒక్కటే.

ఇంత మేలు చేసిన పొట్ట డాక్టరుకి కృతజ్ఞత చెప్పకపోతే ఎలా అని కమలేష్, నేను కలిసి వెళ్ళాం. వట్టి చేతులతో వెళ్ళలేం కదా, కమలేష్ చున్నీ కింద ఒక డబ్బా ఉంది. క్లినిక్కు ముందు కూర్చునే నర్సమ్మ మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, రెండు చేతులూ చాపి దారికడ్డం పెట్టింది.

అప్పుడు తెలిసింది. డాక్టరు లడ్డూ ఒకటి, పచ్చడి ఒక చెంచా చూడడానికి తెమ్మన్నాడు. మర్నాడు కమలేష్ పదకొండు లడ్డూలు తెచ్చింది, నేను డబ్బా నిండా పండుమిరప పచ్చడి తెచ్చాను. ఒక ఇంటి బిడ్డ, పగలంతా రోగుల మధ్య కూర్చునేవాడు, ఒక్కటి ఎలా ఇస్తాం? ఒకరికొకరం పెట్టుకోకూడదన్నాడు గానీ తనకి పెట్టొద్దనలేదుగా. పాపం ఆ మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ రాలేదట. తర్వాత ఐదు రోజులు క్లినిక్కు తియ్యలేదు. కారణం నర్సమ్మ చెప్పలేదు, పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది.

తలుపు మీద కొత్తగా ఒక కాగితం అంటించి ఉంది. రోగులు తినుబండారాలు తీసుకురారాదని హిందీలో టైపు కొట్టించారు. దాని కింద పెన్నుతో ఇంకో వాక్యం రాసి ఉంది. కమలేష్ దాన్ని చదివి, నవ్వు ఆపుకోలేక అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఎదురెదురు ఫ్లాట్లవాళ్ళకి ఇది మరీ మరీ వర్తిస్తుందట.

కాబట్టి చదువుతున్న మీ అందరి ఎదుటా, ముడుచుకున్న ఈ పిడికిలి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ డాక్టరైనా ఏం తిన్నావని అడిగితే, పొద్దున పుక్కిలించిన నీళ్ళనుంచీ మొదలుపెట్టి అన్నీ చెబుతాను, ఆపమన్నా ఆపను. పెట్టే చెయ్యి ఎంత ప్రేమగా పెట్టినా, వద్దు అనే మాట నేర్చుకుంటాను. రోజూ పది నిమిషాలు సాధన చేస్తున్నాను, ప్రస్తుతం ‘వ’ దాకా వచ్చింది. కరక్కాయ ఉన్న వీధిలో నడవను. వైద్యుడనేవాడికి ఈ చేత్తో గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వను. ఇది శాసనం.

ఒసే సుజాతా, కళ్ళు తుడుచుకో, నవ్వింది చాలు. ఏం రాశావో మొదటినుంచీ ఒకసారి చదివి వినిపించు. నావి ఎలా చదివినా ఫర్వాలేదు. కమలేష్ మాటలొచ్చినచోట మాత్రం గట్టిగా చదువు, ఆమెకి మెల్లిగా మాట్లాడడం రాదు.